ఓడిపోయినవాళ్ళు ఏం చేయాలి?

మేడం గారు పోయారని హనుమకొండ నుంచి ఆమె భర్త ఫోన్ చేసి చెప్పారు. సౌదీలోని జుబైల్‌లో మా ప్లాంటు షట్‌డౌన్ మరమ్మతు పనుల్లో ఉన్నాను. హెల్మెట్ తీసి కాసేపు నీడలో కూర్చున్నాను. ఆమెను అడగాలని దాచుకున్న ప్రశ్నలు రెండు మూడు ఉండిపోయాయి.

మా పిల్లల స్కూల్లో రాజనీతిశాస్త్రం చెప్పేవారు. హనుమకొండకు తిరిగి వెళ్ళేదాకా ఇక్కడ మా పై అంతస్తులోనే ఉండేవారు. ప్రశ్న అడిగే ముందు కళ్ళజోడు తీసేసేవారు. ఎదుటివాళ్ళ ముఖం మసకబారితే ఎంత మాటైనా ధైర్యంగా అడగొచ్చునట.

మా అమ్మాయికి అమెరికా ప్రజాస్వామ్యం మీద ప్రాజెక్టు ఇచ్చినప్పుడు, శుక్రవారాలు మా ఇంటికొచ్చి చెప్పేవారు. నేనూ పక్కన చేరేవాణ్ణి. స్వేచ్ఛ, సమానత్వం లాంటి నాలుగు నమ్మకాలే ఆ దేశాన్ని కలిపి ఉంచాయని కొందరంటారు. నమ్మకమూ లేదు ఏమీ లేదు, రకరకాల వర్గాలు బేరమాడుకుంటూ నెట్టుకొస్తున్నాయని ఇంకొందరు. సమానత్వం గురించి రాస్తూనే మనుషుల్ని బానిసలుగా అమ్ముకున్నారు, ఆ రెండూ అక్కడి సంప్రదాయాలేనని మరికొందరు.

"వీటిలో ఏది నిజం మేడం?" అన్నాను.

"తెల్వది తమ్మీ. తెలిస్తే గింత చదువుడెందుకు?"

ఒకసారి కంప్రెసర్ పని మీద వచ్చిన ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లను మేడం గారితో పాటు భోజనానికి పిలిచాను. ఆ ఇంజనీర్లలో ఒకరిది ఒక పార్టీ, మరొకరిది ఇంకోటి. పప్పు వడ్డించేలోపే వాళ్ళ ఎన్నికల మీద గొంతులు లేచాయి. మా ఆవిడ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇదేంటండీ, కొట్టుకుంటారా ఏంటి?" అంది గుమ్మం పక్కనే కూర్చున్న నా చెవిలో.

మేడం గారు కళ్ళజోడు తీశారు. "ఓడిపోయినవాళ్ళు ఏం చేయాలి?" అని ఇంగ్లీషులో అడిగారు.

"ఇంటికెళ్ళి మళ్ళీ పోటీ చేయాలి," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు.

"సరే. ఓడిపోయారని ఎవరు చెబితే నమ్ముతారు?"

ఇద్దరిలో పెద్దాయన మంచినీళ్ళు తాగాడు. కుర్రాయన కంచంలోకి చూస్తూ, "మా నాన్నా నేనూ ఈ ఒక్క విషయం మీదే మాటలు మానేశాం," అన్నాడు.

మెట్లెక్కుతూ మేడం గారు ఆగారు. "ఇన్నేండ్ల సంది క్లాసుల్ల మొదటి ప్రశ్నే అడిగిన తమ్మీ. రెండోది ఇయ్యాల్నే తోచింది," అన్నారు. వాళ్ళను అంతలా ఇబ్బంది పెట్టినందుకు నొచ్చుకున్నారు గాని, ఆమె కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

ఆ మరుసటి ఏడు మా తెలుగువాళ్ళ సంఘం ఎన్నికల్లో అధ్యక్ష పదవికి నిలబడి ఓడిపోయారు. గెలుస్తాననే అనుకున్నారు పాపం. ఆమె వైపువాళ్ళు సాయంత్రం ఇంటికొచ్చి, "లెక్క సరిగ్గా జరగలేదు మేడం, మనం వేరే సంఘం పెట్టుకుందాం," అన్నారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. దాచుకోవాలని చూడలేదు.

"లెక్క నా ముంగట్నే అయింది. ఓడిన. బాధయితున్నది, అబద్ధమెందుకు చెప్పాలె? గని మనం ఓడినమని మనమే చెప్పకుంటే ఇంకెవరు చెప్తరు?"

ఉగాది సభకు వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నారు. మైకు సరిగా లేదని కొత్త అధ్యక్షుడితో పోట్లాడారు కూడా. వేరే సంఘం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అది ఆమెవల్లేనా, లేక మాకే ఓపిక లేకనా అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు. అడిగి ఉంటే ఆమె మూడో కారణం ఏదో వెతికేవారు.

నిన్న ఆమె భర్తతో మళ్ళీ మాట్లాడాను. చివరి రోజుల్లో ఆసుపత్రి వార్డులో ఫ్యాను దగ్గర గొడవ వచ్చిందట. ఈమెకు చలి, మిగతావాళ్ళకు ఉక్క. ఫ్యాను కావాలా వద్దా అని మంచం మీద నుంచే ఈమే అందరినీ చేతులెత్తమని అడిగారట. ఫ్యాను వద్దన్నది ఈమె ఒక్కరే.

"నర్సమ్మా, ఫ్యాన్ వెయ్యి," అని తనే చెప్పి, శాలువా మెడదాకా లాక్కుని, తిరుగుతున్న రెక్కల్ని చూస్తూ పడుకున్నారట.