కట్టు కింద ఎడమ చెవి

ఎనభైల మొదట్లో, నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు చెవులకు ఆపరేషన్ చేయించుకున్నాను. జబ్బేమీ లేదు. నా చెవులు తలకి ఆనుకోకుండా బయటికి విచ్చుకుని ఉండేవి. బడిలో చేటచెవులనేవారు. పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో టైపిస్టునయ్యాక ఎవరూ ఏమీ అనలేదు కానీ, జుట్టు చెవుల మీదికి దించి, గాలికి ఎగరకుండా చేత్తో పట్టుకునే నడిచేదాన్ని.

నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. వినపడుతున్న చెవులకి కోతలెందుకన్నాడు. ఒప్పుకోలు కాగితం మీద నేనే సంతకం పెట్టాను. అయినా ఆ రోజు సెలవు పెట్టి వచ్చి, ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నాడు.

తల చుట్టూ కట్టుతో ఇంటికి పంపుతూ డాక్టరుగారు ఒక మాట గట్టిగా చెప్పారు. కాస్త నెత్తురు మరక, కమిలిన నలుపు మామూలే. ఒక్క వైపే నొప్పి పెరుగుతూ పోతే మాత్రం వెంటనే రావాలి.

మర్నాడు పొద్దున కుడిచెవి సలుపు తగ్గింది. ఎడమది మాత్ర వేసుకున్నా తగ్గలేదు. లోపల్నుంచి ఎవరో నెడుతున్నట్టు బిగిసిపోయింది. కట్టు అంచున నెత్తురు ఎర్రగా దిగింది. ఆపరేషనన్నాక నొప్పుండదా అంటూ నాన్న డ్యూటీకి వెళ్లిపోయాడు. నాకూ సిగ్గేసింది. అందం కోసం కోరి కోయించుకున్నదానికి నొప్పని ఎవరితో చెప్పుకోను? పళ్లు బిగబట్టి కూర్చున్నాను.

మధ్యాహ్నం పక్కింటావిడ ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్ముకుని వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"డాట్రు ఏటి సెప్పినాడు?" అంది. చెప్పాను.

"మరలాగ కూకున్నావేటి? సోకుకి కోసినా రగతం రగతమే. పద, నాను వత్తాను."

రిక్షాలో వెళ్లాం. డాక్టరుగారు కట్టు విప్పి, చర్మం కింద నెత్తురు గడ్డ కట్టిందన్నారు. వదిలేస్తే చెవి వంకర తిరిగిపోయేదట. కుట్లు రెండు విప్పి గడ్డ తీసేస్తుంటే, పక్కింటావిడ చెయ్యి నలిగేలా పట్టుకున్నాను. ఆమె చెయ్యి లాక్కోలేదు.

సాయంత్రం నాన్న వచ్చి, కొత్త కట్టు చూసి, జరిగింది అడిగి తెలుసుకున్నాడు. తర్వాత నీళ్లు కాచి, దూది ముంచి, నా మెడ మీద ఎండిన నెత్తురు తుడిచాడు. "పొద్దున నీ మాట వినాల్సిందమ్మా," అన్నాడు.

కమిలిన మచ్చ మెడ దాకా దిగింది. వంకాయ రంగు ఆకుపచ్చై, ఆపైన పసుపు తిరిగింది. అది పోయేదాకా ఆగమన్నారు అందరూ. నేను ఆగలేదు. రెండు వారాలకే చెవుల మీదుగా గుడ్డపట్టీ కట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. ఎక్కడ పడ్డావమ్మా అని హెడ్ క్లర్కు అడిగాడు.

"పడలేదండీ. చెవులు సరిచేయించుకున్నాను," అన్నాను.

గదిలో రెండు టైపు మిషన్ల చప్పుడు ఒక్కసారి ఆగింది. నేను కాగితం ఎక్కించి, టైపు చెయ్యడం మొదలుపెట్టాను.