రేకు మీద రొట్టె

కొత్త రాష్ట్రం వచ్చిన ఆ మొదటి ఒకటి రెండేళ్లలో నా దగ్గరున్న ఆస్తి కోపం ఒక్కటే. ఉద్యోగం ఆ తరువాత వచ్చింది. నల్గొండలో పాలిటెక్నిక్ ముగించి, మర్రిగూడ పోయే దారిలో ఒక పత్తి మిల్లులో కట్టడం పనులు చూసే సూపర్‌వైజరుగా చేరాను. చేరిన వారానికే అక్కడ పనిచేసే ఆడవాళ్లు నాకు 'సుర్రు సారు' అని పేరు పెట్టారు. కాలిన పెనం మీద నీళ్లు చిలకరిస్తే వచ్చే చప్పుడన్నమాట. (మిగతావాళ్లు నేను అటు తిరిగాక అనేవాళ్లు, మా చిన్నమ్మ మాత్రం మొహం మీదే అనేది.) ఆ కోపంలో సగం న్యాయమైనదేనని ఇవాళ కూడా ఎవరితోనైనా వాదిస్తాను. మిగతా సగం సంగతి చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

మిల్లు అంటే ఒకే కప్పు కింద రెండు భాగాలు. ముందు భాగంలో గింజ తీసే మిషన్లు. వెనక భాగంలో కొండల్లా పత్తి, ఆ పత్తి మధ్య కూర్చుని చెత్త ఏరే ముప్పై మంది ఆడవాళ్లు. వాళ్లలో మా అమ్మ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, ఒకతె. రెండు భాగాలకూ మధ్య అడ్డం ఏమీ లేదు. పత్తిలో చిన్న రాయి వచ్చి మిషన్లో పడితే చాలు, నిప్పురవ్వ లేస్తుంది. అంతకు ముందు సీజన్లో అలాంటి రవ్వే ఎగిరొచ్చి చిన్నమ్మ కొంగు అంటుకుంటే, పక్కనున్నామె మంచినీళ్ల సీసా కుమ్మరించి ఆర్పిందట. పోనీ వెనక నుంచి బయటపడదామంటే వెనక షట్టరుకు తాళం. ఆడవాళ్లు ఒడిలో పత్తి దాచుకుని పోతారని సేటు అనుమానం! గుప్పెడు పత్తి పోకుండా ముప్పై ప్రాణాలకు తాళం వేసిన ఆ మనిషిని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. (సేటు అంటే ఎక్కడి నుంచో వచ్చినవాడు అనుకునేరు. మా పక్కూరి మనిషే. మిల్లు పెట్టగానే సేటు అయ్యాడు.)

బీమావాళ్లు పట్టుబట్టడంతో మధ్యలో నిప్పుకు అడ్డుగోడ పెట్టడానికి ఆయన ఒప్పుకున్నాడు. ఏ గోడ అన్న దగ్గరే వచ్చింది పేచీ.

"రేకులు కొడదాం. రేకు కాలుతదా ఏంది? ఇనుమే గద!" అన్నాడు సేటు.

"రేకు కాలదు, కాని వేడిని ఆపదు. ఇటు మంట లేస్తే అటున్న పత్తి దానంతట అదే అంటుకుంటది" అన్నాను. అన్నాను అని మర్యాదగా రాస్తున్నాను గాని, అరిచాను.

"నిన్న మొన్న సదువుకొని వచ్చినవ్. నాకు ఇనుము గురించి చెప్తవా? జర నీ కోపం చుట్టు ఒక గోడ కట్టుకో ముందు" అన్నాడాయన. అక్కడున్న హమాలీలందరూ నవ్వారు.

రెండో రోజు పట్నం నుంచి ఒక సేల్స్‌మన్ దిగాడు. ఎర్ర రంగు పూసిన చెక్క బోర్డు తెచ్చి, రెండు గంటలు నిప్పును ఆపుతుందన్నాడు. పరీక్ష చేసిన కాగితం చూపించమంటే రంగురంగుల పుస్తకం తీశాడు. అందులో ఆ బోర్డు పక్కన ఒక అమ్మాయి నవ్వుతూ నిలబడి ఉంది. "ఈ అమ్మాయిని దాని వెనక నిలబెట్టి మంట పెట్టి చూశారా?" అని ఆ పుస్తకాన్ని విసిరికొట్టాను. అది పోయి సేటు టీ గ్లాసుకు తగిలింది. ఉద్యోగం ఆ రోజే పోవలసింది. చిన్నమ్మ అడ్డం వచ్చింది.

"గంత లొల్లి ఎందుకు బిడ్డా? ఏది ఆగుతదో ఏది ఆగదో రేపు చూద్దాం. నేను పిండి తెస్తా" అంది.

పిండి ఎందుకో నాకు అర్థం కాలేదు. మర్నాడు అన్నాల వేళ మిల్లు వెనక ఆమె చెప్పినట్టే చేశాను. ఒక పక్క రేకు, ఒక పక్క ఎర్ర బోర్డు, మూడో పక్క తొమ్మిదంగుళాల మందంతో ఇటుకలు నిలబెట్టి, మధ్యలో పత్తికట్టె పేర్చి అంటించాం. చిన్నమ్మ జొన్నపిండి తడిపి, మూడు రొట్టెలు తట్టి, గోడకు పిడకలు కొట్టినట్టు ఆ మూడింటికీ బయటి వైపున ఒక్కొక్కటి కొట్టింది. సేటు, సేల్స్‌మన్, హమాలీలు, ఆడవాళ్లు అందరూ చుట్టూ మూగారు.

రేకు మీది రొట్టె చూస్తుండగానే పొంగింది. కమ్మటి వాసన వచ్చింది. సేటు అలవాటు కొద్దీ దాన్ని ఊడబెరికి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు కూడా. ఎర్ర బోర్డు రంగు బుడగలు బుడగలుగా లేచి, కంపు కొట్టి, కాసేపటికి రొట్టెతో సహా అంటుకుంది. సేల్స్‌మన్ ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. ఇటుకల మీది రొట్టె మాత్రం పచ్చి పిండిలాగే ఉండిపోయింది.

"సేటూ, రొట్టె మంచిగ కాలిందా?" అని అడిగింది చిన్నమ్మ.

"మంచిగ కాలింది" అన్నాడాయన నములుతూ.

"రేకు అవతల కూసునేది మేమే సేటూ. మేం గూడ గట్లనే కాలుతం."

సేటు నమలడం ఆపాడు. నోట్లోది మింగలేక, ఉమ్మలేక, బుగ్గన పెట్టుకునే "ఇటుకనే పెట్టు" అని నాతో అని వెళ్లిపోయాడు. సాయంత్రానికి వెనక షట్టరు తాళం కూడా తీయించాడు. చేరిన నాటి నుంచి నేను ఎంత అరిచినా కాని పని ఒక్క రొట్టెతో అయింది. సంతోషించానా? లేదు. నా చదువు కన్నా జొన్నపిండి ఎక్కువైందా అని దాని మీద కూడా కోపమే.

గోడ లేచింది. పత్తి బండ్లు తిరగడానికి దారి కావాలి కాబట్టి దాంట్లో ఒక బరువైన ఇనుప తలుపు పెట్టించాను. లోపల వేడిని ఆపే దూదిలా ఉండే కాలని సరుకు కూరిన మందపాటి తలుపు. అది ఏటవాలు పట్టీ మీద వేలాడుతుంది. పక్కకు నెడితే తెరుచుకుంటుంది, వదిలితే తన బరువుకు తానే జారి మూసుకుంటుంది. మాటిమాటికీ ఎవరు నెడతారని జనం దానికి ఇటుక అడ్డం పెట్టేవాళ్లు. నేను ఆ ఇటుక తీసి బయటికి గిరాటేసేవాణ్ని. మళ్లీ పెట్టేవాళ్లు. మళ్లీ గిరాటు. "ఈ తలుపుకు అడ్డం పెట్టినోడు ముప్పై మందిని చంపినట్టే" అని రోజూ ఒకసారి గొంతు పోయేదాకా అరిచేవాణ్ని.

ఎండలు ముదిరాయి. ఆ తలుపు దారిలో మాత్రం చల్లటి గాలి కొట్టేది. ఒకరోజు మధ్యాహ్నం ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని సరిగ్గా అక్కడే, పట్టీ కింద, పత్తి వైపు మొహం పెట్టి కూర్చున్నాను. కూర్చుని తలుపు కంపెనీ అతనికి ఫోన్ చేశాను. 'తలుపుకు అడ్డం ఏదీ పెట్టరాదు' అని ఎర్ర అక్షరాల బోర్డు పంపమంటే ఎన్నాళ్లు పంపరయ్యా అని దులిపేస్తున్నాను. (అవును, అక్కడ కూర్చునే. తలుపు నా కుర్చీకి ఆనుకుని ఉంది.) ఇంతలో ఆడవాళ్లు ఒక్కసారిగా కేకలు పెట్టారు. చిన్నమ్మ నా వైపు పరుగెత్తుకొస్తూ "లేవురా!" అంది. ఫోన్ మాట్లాడుతుంటే మధ్యలో ఏమిటని నాకు సర్రున లేచి, ఒక్క నిమిషం ఆగమన్నట్టు వేలు చూపించాను.

ఆమె ఆగలేదు. నా కాలర్ పట్టి ఒక్క గుంజు గుంజింది. నేను పత్తిలో బోర్లా పడ్డాను. కుర్చీని కాలితో తన్నింది. తలుపు గరగరమని జారి మూసుకుంది. మూసుకునే ముందు ఆ సందులోంచి కనిపించింది, మిషన్ల మీద మంట కప్పును తాకుతోంది. అటున్న హమాలీలు ముందు గేటు నుంచి, మేమంతా వెనక షట్టరు నుంచి బయటపడ్డాం. నా ఫోన్ మాత్రం ఎగిరి అవతల పడింది. కంపెనీ అతను ఎంతసేపు హలో హలో అన్నాడో తెలియదు.

ఫైరింజన్ వచ్చి మంట ఆర్పేసరికి మిషన్లు మసి. పత్తి వైపు ఒక్క పోగు కూడా కాలలేదు. చిన్నమ్మ వెనక నుంచి లోపలికి వెళ్లి గోడకు అరచెయ్యి ఆనించి చూసింది. "జర గోరువెచ్చగున్నది, అంతే" అని అందరికీ చెప్పింది. నా కుర్చీ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అంతమంది ముందు కాలర్ పట్టి లాగిందని నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నన్ను తన్నాల్సింది, కుర్చీని తన్నింది.

ఇప్పుడు ఆసుపత్రులకు, హాస్టళ్లకు ఇలాంటి గోడలూ తలుపులూ ఎంచిపెట్టడమే నా పని. కోపం తగ్గలేదు. మొన్న ఒక హాస్టల్లో మెట్ల దగ్గరి తలుపు మూసుకోకుండా నిప్పు ఆర్పే సిలిండరునే అడ్డం పెట్టారు! ఇంటికొచ్చి గాలికని గుమ్మంలోనే కుర్చీ వేసుకుని, వినేవాళ్లున్నారా లేరా అని చూడకుండా తిట్టడం మొదలుపెట్టాను. వీళ్లకు బుద్ధి లేదా, ప్రాణాలంటే లెక్క లేదా అని. చిన్నమ్మ మా ఇంటికి వచ్చి ఉంది. చూపు తగ్గింది, చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి. లోపల మంచం మీద పడుకుని అంతా విన్నది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మెల్లగా అడిగింది.

"అంత మంచిగనే ఉన్నది గని బిడ్డా, కుర్సీ యాడ ఏసుకున్నవ్?"

లేచి, కుర్చీ పక్కకు జరిపి కూర్చున్నాను.