లెక్కలో లేని రెండేళ్ళు

నా చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో మా వీధి పిల్లలు రెండేళ్ళపాటు నన్ను ఒక్కసారి కూడా అవుట్ చేయలేకపోయారు. అలా అనుకున్నాను నేను. ఇప్పుడు నా ఈడువాళ్ళు ఎక్కడ కలిసినా ఆ రోజుల ఆటలు, ఆ మట్టి, ఆ స్నేహాలు అంటూ కళ్ళు తడి చేసుకుంటారు. ఈ కాలం పిల్లలకు అవన్నీ ఎక్కడివని నిట్టూరుస్తారు. నేను పక్కకు తిరిగి కూర్చుంటాను. ఆ ఆటల గురించి నా దగ్గర ఉన్నది ఒక ఫిర్యాదు. దాన్ని వినవలసిన వాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. అయినా చెప్పకుండా ఉండలేను.

డెబ్బైల నాటి మాట. మా వీధి చివర దేవుళ్ళ విగ్రహాలు చెక్కే శిల్పుల షెడ్డు ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉలి చప్పుడే. వాళ్ళు పారేసిన రాతి ముక్కల్లో కాస్త చదునుగా ఉన్నవి ఏరుకుని మేము ఏడు పెంకులాట ఆడేవాళ్ళం. ఏడింటిని ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక జట్టు చెండుతో పడగొట్టాలి. పడగొట్టినవాళ్ళు మళ్ళీ పేర్చేలోగా అవతలి జట్టు అదే చెండుతో వాళ్ళను కొట్టాలి. తగిలినవాడు అవుట్. పోయి షెడ్డు గోడ పక్కన కూర్చోవాలి.

జట్లు పంచుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. సమానంగా ఆడే ఇద్దరు జత కట్టేవాళ్ళు. ఒకడికి ఇంకొకడు ఉద్ది. ఇద్దరూ దూరంగా పోయి ఎవరికీ వినపడకుండా చెరొక పేరు పెట్టుకుని, భుజాల మీద చేతులు వేసుకుని వచ్చి, "కత్తి కావాల్నా, కొడవలి కావాల్నా?" అని నాయకుణ్ణి అడిగేవాళ్ళు. ఆయన కోరిన పేరుగలవాడు ఆయన జట్టుకు, మిగిలినవాడు అవతలి జట్టుకు. నాకు మాత్రం ఉద్ది ఉండేవాడు కాదు. పంపకం అంతా అయ్యాక, మా అందరికంటే పెద్దవాడైన శిల్పుల ఇంటి అన్న నన్ను చూసి, "నువ్వు మా పక్కకు రారా" అనేవాడు. నాకు సాటి వచ్చేవాడు ఆ వీధిలో లేడు కాబట్టే ఉద్ది దొరకడం లేదని నా నమ్మకం. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి అంతకంటే మంచి కారణం తోచదు.

అంతకు రెండేళ్ళ ముందు నాకు టైఫాయిడ్ వచ్చి, నంద్యాల ఆసుపత్రిలో చాలా రోజులు ఉండి వచ్చాను. ఇంటికి తెచ్చాక మా జేజి, అంటే మా నాయనను కన్న తల్లి, నన్ను గడప దాటనివ్వలేదు. వీధిలో పిల్లల అరుపులు వింటూ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆమే, "పో నాయనా, ఆడుకో పో" అంది. ఆ రోజు నుంచి తాను కూడా వేయించిన బుడ్డలు ఒళ్ళో పోసుకుని అరుగు మీద కూర్చునేది. ఆట అయ్యాక పిల్లలందరికీ తలా పిడికెడు వేరుశనగకాయలు. వీధి వీధంతా ఆమెను జేజమ్మా అని పిలిచేది. మా జేజి ఎంత మంచిదో అని నేను గర్వపడేవాణ్ణి.

ఆటలో చెండు ఎప్పుడూ నా పక్కనుంచే పోయేది. ఎప్పుడైనా కాలికి తాకినట్టు అనిపించి నేను ఆగితే, కొట్టినవాడే, "తగల్లేదు, తగల్లేదు, పరిగెత్తు" అని అరిచేవాడు. అవతలి జట్టువాళ్ళు కూడా ఇంత నిజాయితీపరులా అని మురిసిపోయాను. నన్నెవరూ కొట్టలేరని మా నాయనతో చెబితే ఆయన నవ్వి తల నిమిరాడు. ఆ నవ్వుకు అర్థం కూడా నాకు తరువాతే తెలిసింది.

ఆ వేసవి సెలవులకు నంద్యాల నుంచి మా మేనత్త కొడుకు వచ్చాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. వచ్చిన సాయంత్రమే మా ఎదుటి జట్టులో చేరాడు. మేము పెంకులు పడగొట్టాం. నేను ఎప్పటిలాగే వెనక్కి చూడకుండా, వంగకుండా, నిటారుగా పరిగెత్తాను. చెండు వచ్చి వీపు నడిమధ్య తగిలింది. ఆ చప్పుడు షెడ్డు దాకా వినిపించి ఉంటుంది. నేను ఆగలేదు. వంగి పెంకులు పేర్చసాగాను.

"ఒరే, అవుట్ నువ్వు. లెయ్, పక్కకు పో" అన్నాడు మా బావ.

"తగల్లేదు" అన్నాను.

"ఏందిరా తగల్లేదు? అంగీ మీద చెండంత మట్టి అచ్చు పడిండాది. ఇప్పి చూసుకో."

సాక్ష్యం కోసం అందరివైపు చూశాను. శిల్పుల ఇంటి అన్న వచ్చి మా బావ భుజం పట్టి పక్కకు లాగాడు. నాకు వినపడదనుకుని చెప్పాడు.

"వాన్ని ఇడ్సిపెట్టప్పా. వానికి లెక్క లేదు. వాడు ఆటలో అరటిపండు."

"ఇంత ఎద్దు ఉండాడు, వాడు అరటిపండేంది?"

"జేజమ్మ చెప్పినాది. వానికి చెండు తగలకూడదంట. నీకేం పోతాది? రోజూ బుడ్డలు పెడ్తాండాది గదా."

ఆ మాట మూడేళ్ళ పిల్లలకు వాడేది. ఏడుపు మాన్పడానికి ఆటలోకి రానిస్తారు, వాళ్ళు ఏం చేసినా ఎవరూ పట్టించుకోరు. నేను అరుగు వైపు చూశాను. మా జేజి లేచి నిలబడి ఉంది. ఆమె చూస్తున్నది నన్ను కాదు. మా బావను చూస్తూ, నోటి మీద వేలు పెట్టుకుని, చెప్పొద్దని సైగ చేస్తోంది. ఇన్నేళ్ళలో ఎన్నో మరిచాను గాని ఆ వేలిని మరిచిపోలేదు. ఉద్ది ఎందుకు లేడో, చెండు పక్కనుంచి ఎందుకు పోయేదో అన్నీ ఒక్కసారిగా తెలిసిపోయాయి.

ఎందుకిలా చేశావని ఆమెను అడిగాను. అడగడం కాదు, వీధంతా వినేలా అరిచాను. ఆమె నెమ్మదిగానే చెప్పింది.

"నీకు దెబ్బ తగిల్తే నేను ఓర్సుకోలేను నాయనా. బతికి బట్టగట్టింటివి. ఆడుకుంటాండావు గదా, ఇంగేం గావాల నీకు?"

కాని ఆ రెండేళ్ళూ నేను ఆడనే లేదు.

మరుసటి సాయంత్రం పోయి, నన్నూ లెక్కలో పెట్టండి అన్నాను. శిల్పుల ఇంటి అన్న తల గీక్కుని, "సరే, ఉద్దిని తెచ్చుకో పో" అన్నాడు. ఒక్కొక్కరి దగ్గరికీ పోయాను. ఒకడు నిక్కరు సర్దుకున్నాడు, ఒకడు ముల్లు గుచ్చుకుందన్నాడు. మా బావ మాత్రం, "నేనొస్తా రాప్పా" అన్నాడు. అందరికంటే గట్టిగా విసిరేవాడు నాకు ఉద్ది ఎట్లా అవుతాడు? నీ దయ నాకు వద్దన్నాను. చివరికి శిల్పుల ఇంటి అన్న చెల్లెలు, ఆరేళ్ళ పిల్ల, ముక్కు తుడుచుకుంటూ వచ్చి, "నేను రానా?" అంది. అందరూ పకపకా నవ్వారు. నా అసలు సాటి ఎవరో ఆ నవ్వులోనే ఉంది. సరేనన్నాను. షెడ్డు వెనక్కి పోయి ఆ పిల్లే పేర్లు పెట్టింది.

"నేను నెమలి, నువ్వు కాకి."

నేను వద్దన్నాక ఒక జట్టుకు నాయకుడైన మా బావ నెమలిని కోరుకున్నాడు. కాకి అవతలి జట్టుకు పోయింది. ఆ సాయంత్రం ప్రతి ఆటలోనూ మొదట అవుటైంది నేనే. ఎప్పుడు వంగాలో, ఎప్పుడు పక్కకు తప్పుకోవాలో, పరిగెత్తుతూనే వెనక్కి ఎట్లా చూడాలో మిగతా పిల్లలంతా దెబ్బలు తిని నేర్చుకున్నారు. నాకు అవేమీ రావు. ఆ ఆరేళ్ళ పిల్ల నాకంటే బాగా తప్పించుకునేది. సెలవులు అయిపోయేసరికి కాస్త నేర్చుకున్నాను గాని, ఆ రెండేళ్ళ వెనకబాటు చివరిదాకా పూడలేదు.

నీళ్ళు పోసేటప్పుడు మా జేజి నా వీపు మీద ఎర్రటి మచ్చలు చూసి, "ఎవురు కొట్న్యార్రా నిన్ను?" అని చేయి వేసింది. ఆ చేయి తోసేశాను. అవి లెక్కలో ఉండి తిన్న దెబ్బలు, నువ్వు ముట్టుకోవద్దు అన్నాను. ఆమె చెంబు కింద పెట్టి లోపలికి పోయింది. ఆ తరువాత తొమ్మిదేళ్ళు బతికింది. ఆ తొమ్మిదేళ్ళూ నాకు తలంటింది మా అమ్మే. మా జేజికి నా మీద ప్రేమ లేదని నేనెప్పుడూ అనలేదు. ఆ ప్రేమ మీదే నా ఫిర్యాదు.

నన్ను ఓడించడానికి మనసొప్పని వాళ్ళతో కూర్చోలేకపోవడం అప్పటి నుంచి నాకు అలవాటైంది. అందుకే ఆ వీధి మొత్తం మీద నేను కోపం పెట్టుకోని మనిషి మా బావ ఒక్కడే. నంద్యాలకు ఏ పని మీద పోయినా ముందు ఆయన ఇంటికే పోయేవాణ్ణి. ఇంటి ముందరి నాపరాయి మీద సుద్దతో గీతలు గీసి పులి మేకలాట ఆడేవాళ్ళం. ఆయనవి పులులు, నావి మేకలు. నాలుగాటల్లో మూడు ఆయనే గెలిచి, నా మొహం మీదే వెక్కిరించేవాడు. నాకు హాయిగా ఉండేది.

పోయినేడు నాకు గుండె ఆపరేషన్ అయ్యాక మొదటిసారి పోయాను. ఆట సగంలో ఆయన పులి పక్కనే నా మేక ఉంది, దాని వెనక గడి ఖాళీ. ఒక్క దూకు దూకితే సరి. ఆయన ఆ మేకను చూశాడు, నన్ను చూశాడు, ఎక్కడో మూలనున్న ఇంకో పులిని జరిపాడు.

"ఎందుకు తినలేదు బావా?"

"చూసుకోలేదప్పా."

"నువ్వు? చూసుకోలేదు?"

వాకిట్లో మజ్జిగ గ్లాసుతో నిలబడ్డ ఆయన భార్య తల దించుకుంది. నేను చెప్పులు వేసుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాను.

ఆయన ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. ఒక్కసారే ఎత్తాను. "నా మేకను తినేదానికి ఒప్పుకుంటే చెప్పు, రేపు పొద్దున్నే వస్తా" అన్నాను. ఆయన, "మాత్రలు ఏసుకుంటాండావా?" అని అడిగాడు.

పెట్టేశాను.