రాళ్ళ తిప్ప మీద ఖతార్

మా బావ యలమందయ్యకి ప్రపంచంలో ఉన్న దేశాలన్నీ తెలుసు. రాజధానులు తెలియవు, జెండాలు తెలియవు, ఏది ఏ ఖండంలో ఉందో అసలే తెలియదు. ఏ దేశంలో సెల్‌ఫోనుకి ఇంటర్నెట్ ఎంత వేగంగా వస్తుందో మాత్రం తెలుసు. నార్వే ఎక్కడుంది బావా అని అడిగితే "మొదటి పదిలో" అంటాడు.

మనిషి వినుకొండ దాటి వెళ్ళింది తక్కువ. మిరప, పత్తి తప్ప ఇంకో పంట మీద నమ్మకం లేదు. విమానాన్ని నేల మీద ఉండగా చూడలేదు. అయినా నెలనెలా దేశాల వేగాల పట్టిక ఫోనులోకి రాగానే, మిరప యార్డు ధరలు చూసినంత ఆత్రంగా చూసి నాకు ఫోను చేస్తాడు. నాకు గుంటూరు బ్రాడీపేటలో మందుల షాపు. దగ్గు మందు కోసం వచ్చినవాళ్ళు ఎదురుగా నిలబడి దగ్గుతూ మా సంభాషణ వింటారు.

"ఒరేయ్, ఈ నెల మనం ఓ మెట్టు దిగాం. బ్రెజిల్ ఎక్కింది."

"ఎక్కితే ఎక్కింది బావా. మనకేంటి?"

"అట్టా అనుకోబట్టే మనం ఇట్టా ఉన్నాం" అని పెట్టేస్తాడు.

ఇంతటితో ఆగితే ఎవరికీ నష్టం లేకపోయేది. ఆయన ఫోను చేత్తో పట్టుకుని ఊరంతా కొలిచాడు. ఏ చోట ఎంత వేగం వస్తే, అంత వేగం ఏ దేశానికి ఉందో పట్టికలో చూసి ఆ చోటుకి ఆ పేరు పెట్టాడు. వాళ్ళింటి అరుగు యెమెన్. గొడ్ల చావిడి క్యూబా. నీళ్ళ ట్యాంకు మెట్లు నార్వే. చర్చి వెనక గోడ సింగపూర్. మొదట్లో అందరూ నవ్వారు. నవ్వుతూనే వాడటం మొదలుపెట్టారు. ఫోను పలకాలంటే ఎటు పోవాలో చెప్పడానికి అంతకన్నా సులువైన పద్ధతి ఊళ్ళో ఇంకోటి లేదు.

కొత్తగా వచ్చిన పంచాయతీ సెక్రటరీ శ్రీరమ్య, ట్రాక్టరు డ్రైవరు సిలార్ కోసం వాళ్ళింటికి వెళ్ళింది.

"ఆయన నార్వేలో ఉన్నాడమ్మా" అంది సిలార్ భార్య జమీలా.

"అయ్యో. మళ్ళీ ఎప్పుడొస్తాడండీ?"

"గేదె నీళ్ళు తాగంగానే."

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి మంచం మీద కూర్చుంది. ఇప్పుడు తన ఆఫీసు గది సూడాన్ అయినందుకు తనే బాధపడుతోంది.

పాస్టర్ జక్రయ్య గారిది వేరే బాధ. ఆదివారం ఆయన లోపల ప్రసంగం చేస్తుంటే కుర్రకారు మొత్తం గోడ వెనక సింగపూర్‌లో ఉంటోంది.

"యలమందయ్య గారూ, ఆ సింగపూర్‌ని ఆదివారం ఒక్క పూట ఇంకెక్కడికైనా మార్చగలరా?"

"అది మీ గోడ గొప్పతనం అయ్యగారూ. నా చేతిలో ఏం లేదు."

తర్వాతి నెల కొలిచేసరికి గోడ దగ్గర వేగం పడిపోయి అది ఘనా అయింది. సింగపూర్ రేషను డిపో పక్కన తేలింది. జక్రయ్య గారు అది ప్రార్థన ఫలితమని నమ్మారు. ఆ ప్రార్థన తన మీద ఎందుకు పడిందో రేషను డీలరుకి ఇప్పటికీ అర్థం కాలేదు.

మా అబ్బాయి పెళ్ళిచూపులకి అద్దంకి వైపు వెళ్ళినప్పుడు పెద్దమనిషిగా బావని తీసుకెళ్ళాను. అది నా తెలివితక్కువతనం. అందరూ స్వీట్లు తింటుంటే ఈయన ఫోను పైకెత్తి గది నాలుగు మూలలూ తిరిగి, కిటికీ ఎక్కి చూసి, వచ్చి కూర్చుని తీర్పు చెప్పాడు.

"పిల్ల బంగారం. ఇల్లు మాత్రం అఫ్ఘానిస్తాన్."

పిల్ల తండ్రి చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. నేను సంబంధం మీద ఆశ వదులుకుని చెప్పుల కోసం చూస్తున్నాను. పిల్ల లేచింది. "డాబా మీద ఇంకొంచెం మంచి దేశం వస్తుందేమో చూద్దాం రండి అంకుల్" అని ఆయన్ని మెట్లెక్కించింది. పది నిమిషాల తర్వాత ఇద్దరూ దిగి "మలేషియా" అన్నారు. ఆ అమ్మాయే ఇవాళ మా కోడలు. నాకన్నా ఆయనకే ఎక్కువ ఫోన్లు చేస్తుంది.

ఊరు ఊరంతా ఒప్పుకున్నా మా అక్క హనుమాయమ్మ మాత్రం ఈ దేశాల్లో ఒక్కదాన్ని కూడా గుర్తించలేదు. అరుగుని అరుగనే అంటుంది, చావిడిని చావిడనే అంటుంది. "నేను కాపరానికొచ్చింది ఈ ఊరికి. యెమెన్‌కి కాదు" అని మొహం మీదే చెప్పేసింది.

వాళ్ళిద్దరికీ అసలు పేచీ రాళ్ళ తిప్ప దగ్గర వచ్చింది. ఊరి చివర బావకి ఓ తిప్ప ఉంది. దాని మీద రాయి తప్ప ఏమీ పండదు. కానీ వేగం కొలిస్తే ఊరు మొత్తం మీద అదే మొదటి స్థానం. అది ఖతార్. ఒక నెల అది పడిపోయి డెన్మార్క్ అయిందని బావ ఆ పూట అన్నం మానేశాడు. అదంటే అంత ప్రాణం.

ప్రాణం ఉంటే ఉండనీ అనుకోవచ్చు. ఆయన ఆ రాళ్ళలో కంది వేశాడు. కంది మొలవలేదు. కలుపూ మొలవలేదు. అయినా కలుపు తీయడానికి రోజూ అంకమ్మని పెట్టాడు. అంకమ్మ పేటలో ఉంటుంది. పుట్టుకతో చెవులు వినపడవు, మాట రాదు. పనిలో మాత్రం ఆమెకి సాటి లేదు. ఎండు మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరడంలో ఆమె చెయ్యి పడితే మళ్ళీ చూసుకోనక్కర్లేదు. మాట లేకపోయినా వేళాకోళానికి లోటు లేదు. ఊళ్ళో అందరికీ చేత్తో ఒక్కో పేరు పెట్టింది. ఒక చెయ్యి నడుం మీద పెట్టి, రెండో చెయ్యి ఆకాశానికెత్తి, మెడ సాచిందంటే అది మా బావ. అచ్చం ఆయనే.

"గడ్డి మొలవని చోట కలుపు తీయిస్తన్నాడు. నలుగురూ నవ్వుతన్నార్రా" అని అక్క నాకు ఫోనులో మొత్తుకుంది.

ఈ ఏడు ఇంకో అడుగు ముందుకేసి, మిరపకాయలు ఆరబోసే కల్లం కూడా తిప్ప మీదే వేశాడు. ఎప్పుడూ వేసే రోడ్డు పక్క చోటు వదిలేశాడు. పైగా అక్కడ ఒక చట్టం. మధ్యాహ్నం రెండున్నర కాగానే కూలికొచ్చిన వాళ్ళంతా ఫోన్లు ఆపేసి తట్టలో వెయ్యాలి. అరగంట తర్వాత తిరిగి ఇస్తాడు. ఖతార్‌లో చట్టాలు కఠినంగా ఉన్నాయని ఊళ్ళో చెప్పుకున్నారు.

అప్పుడు మబ్బు పట్టింది. కోసిన పంట అంతా తిప్ప మీద ఎర్రగా పరుచుకుని ఉంది. తడిస్తే కాయ మచ్చపడుతుంది, ఏడాది కష్టం పోతుంది. కాయలంటే తట్టలతో మోసి పైకి చేర్చారు గానీ, కప్పడానికి పెద్ద టార్పాలిన్ పట్టాలు కావాలి, అవి పైకి చేరాలంటే ట్రాక్టరు ఎక్కాలి. ఎక్కే దారి ఒక్కటే, అక్క పత్తి చేలోంచి. ఆ చేను మా నాన్న ఆమెకి పసుపు కుంకుమల కింద ఇచ్చింది. చెట్ల మీద ఆఖరి తీత పత్తి ఇంకా ఉంది. ఆ చేలోకి మేక తొంగి చూసినా అక్క ఊరుకోదు.

"కల్లం రోడ్డు పక్కకి దించమను. లేదంటే నేను మీ ఇంటికొచ్చేస్తా. ఇంక ఆ మనిషి, ఆ ఖ... ఆ రాళ్ళ తిప్ప" అని అక్క నన్ను పిలిపించింది. పేరు సగంలో మింగేసింది. నేను షాపు మూసి బస్సెక్కాను.

తిప్ప ఎక్కేసరికి మధ్యాహ్నం అన్నాలై ఆడవాళ్ళు ఓ వారగా నడుం వాల్చారు. ఎండిన కాయల ఘాటుకి నాకు తుమ్ము వచ్చింది. బావ దూరంగా అటు తిరిగి నిలబడి, ఒక చెయ్యి నడుం మీద పెట్టి ఫోను ఆకాశానికెత్తి ఉన్నాడు. నేను నోరు తెరవబోయాను.

"ముందు నీ ఫోను ఆపు" అన్నాడు తిరక్కుండానే.

"బావా, అక్క..."

"ఆపరా. ఇద్దరు వాడితే తగ్గిద్ది. నేను సిగ్నల్ గీతలే చూస్తన్నా."

ఆపాను. అప్పుడు చూశాను. కల్లం చివర చదునైన బండ మీద అంకమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా నీళ్ళ క్యానుకి ఆనించి ఫోను. ఫోనులో ఆమె కూతురు జెస్సీ, నర్సు బట్టల్లో. ఆ పిల్ల కువైట్‌లో ఆసుపత్రిలో పని చేస్తోందని నాకు తెలుసు. తల్లీకూతుళ్ళు చేతులతో మాట్లాడుకుంటున్నారు. అంత వేగంగా ఎవరూ నోటితో కూడా మాట్లాడలేరు.

"ఆ పిల్లకి భోజనం వేళ ఇదే" అన్నాడు బావ నెమ్మదిగా. "మిగతా టైంలో డ్యూటీ. పేటలో అంకమ్మ ఇల్లు క్యూబా కన్నా కనాకష్టం."

"అందుకని కల్లం ఇక్కడికి తెచ్చావా?"

"పోయినేడు కల్లం రోడ్డు పక్కనుందిగా. ఓ రోజు జెస్సీ ఇట్టా నుదుటి మీద చెయ్యి పెట్టింది." బావ పెట్టి చూపించాడు. "బొమ్మ అక్కడే ఆగిపోయింది. ఇంక కదల్లా. కూతురికి జ్వరమని అంకమ్మ అన్నం ముట్టలా. పొద్దుగూకేదాకా ఆ ఫోను వంకే చూసింది. తర్వాత రోజు ఆ పిల్లే పాస్టర్ గారికి ఫోన్ చేసి చెప్తే తెలిసింది. నుదుటి మీద చెయ్యి పెట్టి, తర్వాత చెయ్యి ఇట్టా విదిలించిందంట. జ్వరం వచ్చింది, తగ్గిపోయింది అని. ఆ విదిలించటం మన ఊరు చేరలా."

నేను మళ్ళీ అంకమ్మ చేతుల వంక చూశాను.

"నువ్వూ నేనూ అయితే, మాట తెగితే మళ్ళీ హలో అనుకుంటాం. చెయ్యి సగంలో ఆగితే ఏం అర్థమయిద్ది? కువైట్ పట్టికలో పైన ఉంటది. ఆ పిల్ల చేతులు అక్కణ్ణించి బాగానే బయల్దేరతన్నాయి. మన పొలిమేరలోకొచ్చి ఆగిపోతన్నాయి. సిగ్గు ఎవరికి? మనకి. కువైట్‌కి జోడీ కావాలంటే ఇక్కడ ఖతారన్నా ఉండాల."

"కందిలో కలుపు కూడా ఇందుకేనా?"

"కల్లం లేని రోజుల్లో ఆమె ఇక్కడికి రావాలంటే ఏదో ఒక పనుండాలిగా."

"దేశాల పిచ్చి కూడా జెస్సీ కోసమేనా బావా?"

"ఛ. పిచ్చి ముందే ఉంది" అన్నాడు. "దానికో పని ఇప్పుడు దొరికింది."

"మరి అక్కకి చెప్పొచ్చుగా."

"మీ అక్కకి చెప్తే సాయంత్రానికి పేటంతా తెలిసిద్ది. తన కోసమని తెలిస్తే అంకమ్మ ఇంకొకళ్ళ కల్లానికి పోయిద్ది. ఆమె అట్టాంటి మనిషి. నువ్వు కూడా నోరు మూసుకో."

అప్పుడే ఫోనులో జెస్సీ ఒక చెయ్యి నడుం మీద పెట్టి రెండోది పైకెత్తి మెడ సాచింది. అంకమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

"నా గురించే కదా?" అన్నాడు బావ.

"నీ గురించే."

"బొమ్మ ఆగలేదుగా. చాలు."

నేను నోరు మూసుకునే అక్క వాళ్ళింటికి వచ్చాను. గుమ్మం దాకా మూసుకున్నాను. "దించుతాడంటనా?" అని అక్క అడిగేసరికి నుదుటి మీద చెయ్యి దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. అక్క చాట కింద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు భయమేసింది, ఎందుకంటే మా అక్క అరవకపోతే ఏం చేస్తుందో నాకు తెలియదు.

"ముప్పై ఏళ్ళు కాపరం చేశా. నేను ఊరంతా చెప్తానని అన్నాడా?"

"అన్నాడు."

"అంటే అన్నాడులే" అంది. "ఆ మాట మాత్రం నిజమే." చాట మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఈ ఒక్కటి చెప్పను" అంది.

మర్నాడు పొద్దున తిప్ప మీదికి మేమిద్దరం వెళ్ళలేదు. అక్క తన పత్తి చేలోకి వెళ్ళింది, నన్నూ తీసుకెళ్ళింది. ట్రాక్టరు పట్టేంత వెడల్పున చెట్ల మీదున్న పత్తి తీసి, ఆ సాళ్ళలో పత్తి కట్టె పీకించింది. బ్రాడీపేటలో మందులు అమ్ముకునే నా చేతులు గీరుకుపోయాయి. మబ్బు ఇంకా దిగుతోంది. మధ్యాహ్నం దాటాక ఇద్దరం తిప్ప ఎక్కాం. బావ మమ్మల్ని చూసి, తట్ట పట్టుకుని ఫోన్ల కోసం వచ్చాడు. అక్క తన ఫోను ఇవ్వలేదు.

"ఒక్క నిమిషం. సిలార్‌తో మాట్లాడాల" అంది. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, రెండో చేత్తో ఫోను మొహానికి ఎదురుగా పైకెత్తి పట్టుకుని, తిప్ప కిందిదాకా వినపడేంత గట్టిగా మాట్లాడింది. "ఒరేయ్ సిలారూ, పట్టాలన్నీ ట్రక్కులో వేసుకో. రోడ్డు దగ్గర ఆపమాక. నా పత్తి చేలోంచి ఎక్కించు."

అవతల సిలార్‌కి అర్థమైనట్టు లేదు. "ఎక్కడికి అక్కా?" అని స్పీకరులో వినిపించింది.

అక్క మా ఇద్దరి వంకా చూడలేదు.

"ఖతార్‌కి" అంది.

బావ చేతిలో తట్ట చేతిలోనే ఉంది. బండ మీద అంకమ్మ అప్పటికే ఫోను పెట్టుకుని కూర్చుంది. నడుం మీద చెయ్యి పెట్టి ఫోను ఆకాశానికెత్తిన మా అక్కని చూసి, క్యానుకి ఆనించిన ఫోనుని ఇటు తిప్పి జెస్సీకి చూపించింది. తర్వాత మా బావ పేరు చేత్తో అభినయించి, రెండు వేళ్ళు ఎత్తి చూపింది.

కువైట్‌లో జెస్సీ నవ్వుతూ నవ్వుతూ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు.