టీచరమ్మ వెళ్ళని గోవా

మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీంతో పాటు ఇచ్చే చెంచా గురించి నాకొక ఫిర్యాదు ఉంది. చెంచా అనడం మర్యాద కోసం. అది చదునైన చెక్కముక్క. సీతాఫలం ఐస్‌క్రీంలో గుచ్చితే ఐస్‌క్రీం కదలదు, చెక్క వంగుతుంది. చివరికి నాలుక మీద పండు రుచి కంటే పెన్సిలు రుచే ఎక్కువ మిగులుతుంది. ఈ మాట దుకాణం ఆయనతో చెబుదామని ఏళ్ళ తరబడి అనుకుంటూ, కప్పు ఖాళీ చేసి, చెయ్యి తుడుచుకుని వచ్చేస్తున్నాను. ఇంగ్లీషులో ఎం.ఏ. చేసి, ఆబిడ్స్‌లో ఒక బీమా ఆఫీసులో ఇతరుల ఫిర్యాదులకు జవాబులు రాసి బతికినవాడికి సొంత ఫిర్యాదు రాయబుద్ధి కాదు.

నా జీవితంలో నేను సంతకం పెట్టిన ఫిర్యాదు ఒక్కటే. అది కూడా నాతో పాటు ఇంకో పద్దెనిమిది మంది పెట్టారు కాబట్టి.

తొంభైల చివర్లో ఆబిడ్స్‌లో ఒక మూడంతస్తుల దుకాణం ఉండేది. కింద స్టీలు సామాను, మధ్యలో బట్టలు, పైన దుప్పట్లు, దిండు గలీబులు. క్రెడిట్ కార్డు తీసుకునేవాళ్ళు. అప్పట్లో అది మాకు విమానం ఎక్కినంత పని. కౌంటరు మీద ఇనుప యంత్రం ఒకటి ఉండేది. అందులో కార్డు పెట్టి, పైన కార్బన్ కాగితాలున్న రసీదు పరిచి, పిడి పట్టుకుని ఇటూ అటూ లాగేవాళ్ళు. కర్రుమని చప్పుడు చేసి కార్డు మీద అంకెలన్నీ రసీదు మీద అచ్చుపడేవి. మూడు ప్రతులు. ఒకటి మనకి, ఒకటి బ్యాంకుకి, ఒకటి దుకాణానికి. గుంటూరు నుంచి ప్రభుత్వం ఫైళ్ళతో పాటు హైదరాబాదు వచ్చిన గుమాస్తా మా నాన్న. ఆయన ఒకసారి నాతో వచ్చి, ఆ చప్పుడు విని, "దీన్ని అప్పు అంటారు, కాకపోతే ఇస్త్రీ చేసి ఇస్తున్నారు" అన్నాడు.

మా ప్రతి మేం పోగొట్టుకున్నాం. బ్యాంకు ప్రతి బ్యాంకులో ఉంది. దుకాణం ప్రతులు మాత్రం ఏళ్ళ తరబడి గోదాములో గోనెసంచుల్లో పేరుకున్నాయి. ఒక దీపావళికి ముందు గోడలకు సున్నం వేయాలని గోదాము ఖాళీ చేశారు. పాత అట్టపెట్టెలతో పాటు ఆ సంచులు కూడా చిత్తుకాగితాలవాడికి అమ్మేశారు. అలా మా కార్డు నంబర్లు, గడువు తేదీలు, సంతకాలు తూకంలో అమ్ముడుపోయాయి.

కొన్ని నెలలకు ఆ దుకాణం నడిపే కంపెనీ నుంచి మాకు ఉత్తరాలు వచ్చాయి. "మీ కార్డు వివరాలు అనధికార వ్యక్తుల చేతికి చేరి ఉండవచ్చునని తెలియజేయుటకు చింతిస్తున్నాము." ఆ 'ఉండవచ్చు' దగ్గర నేను కాసేపు ఆగాను. అలాంటి వాక్యాలు రాసి జీతం తీసుకునేవాణ్ణి కనక ఆ పనితనం తెలుస్తుంది. అప్పటికే ఎవరో నా కార్డుతో సూరత్‌లో రెండు జతల బూట్లు కొన్నారు. నేనెప్పుడూ అంత మంచి బూట్లు వేసుకోలేదు.

మా అందరినీ కూడగట్టినవాడు ఆబిడ్స్ సందులో గడియారాలు బాగుచేసే ఒక భాయ్. ఉత్తరం వచ్చినవాళ్ళు ఆదివారం పొద్దున పబ్లిక్ గార్డెన్స్‌కు రావాలని తన దుకాణం అద్దానికి కాగితం అంటించాడు. పంతొమ్మిది మందిమి వచ్చాం. మంచుకు తడిసిన గడ్డి మీద వార్తాపత్రికలు పరుచుకుని కూర్చున్నాం. దూరం నుంచి చూసినవాళ్ళకు వనభోజనాల్లా కనబడి ఉంటుంది. నాంపల్లి స్టేషన్లో రైలు వస్తున్నదని ఎవరో ఆడమనిషి గొంతు మూడు భాషల్లో చెబుతోంది. ఇప్పటికీ ఆ కేసు గుర్తుకొస్తే ముందు ఆ గొంతే వినిపిస్తుంది, ఏ రైలో మాత్రం తెలియదు.

"పైసలు వాపస్ వచ్చినయ్ సాబ్," అన్నాడు భాయ్. "బ్యాంకోళ్ళు ఇచ్చిన్రు. గానీ మనం పరేషాన్ అయినం గద. ఆ పరేషాన్‌కి కిరాయి కట్టాలె కంపెనీ."

అందరం తలలూపాం. గొడుగు కింద కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం చెయ్యి ఎత్తింది, క్లాసులో పిల్లల్లాగా. ఎత్తాక తనే నవ్వుకుని దించింది.

"నాకు కిరాయి వద్దు. ఒక్క కాగితం కావాలె. ఆ కార్డు వాడింది ఈమె కాదు అని కంపెనీ రాసియ్యాలె. గంతే."

ఆవిడ మెదక్ వైపు నుంచి వచ్చి ఇక్కడి మిషన్ బడిలో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. మేమంతా టీచరమ్మా అనేవాళ్ళం. ముప్ఫై ఏళ్ళుగా తమ చర్చిలో ఆదివారం బడి పిల్లలకు పాఠం చెబుతోంది. ఆవిడ కార్డుతో ఎవరో గోవాలో మూడు రోజులు ఉన్నారు. బిల్లులో రెండు వరసలు, ఒకటి హోటలు, ఒకటి బారు. ఆ కవరు ఆవిడ ఇంట్లో లేనప్పుడు వస్తే ఆడపడుచు విప్పింది. ఆడపడుచు చర్చి పాటల బృందంలో పాడుతుంది. ఆదివారం ఆరాధన ముగిసేసరికి మొదటి వరస నుంచి చివరి వరస దాకా అందరికీ హోటలు పేరు తెలిసిపోయింది.

"ఆ మూడు దినాలు నేను మెదక్‌ల మా అక్క కాడ ఉన్న," అంది టీచరమ్మ. "అక్క చెప్తే అక్కనే గద అంటున్రు. బ్యాంకు పైసలిచ్చింది అంటే, మాఫ్ చేసిన్రట పాపం, అంటున్రు. కమిటీ వాళ్ళు పిల్చి, కొన్ని రోజులు పిల్లలకు చెప్పుడు ఆపుర్రి, కంపెనీ కాడికెళ్లి ఏదన్న కాగితం తెస్తే మల్ల చూస్తం అన్నరు."

"గోవాల ఎండ గట్టిగున్నదా అమ్మా?" అన్నాడు వెనక నుంచి ఒకాయన. అందరూ నవ్వారు. నేను నవ్వలేదని చెప్పుకోవాలని ఉంది. కాస్త తక్కువ నవ్వాను.

వినియోగదారుల ఫోరానికి ఫిర్యాదు రాసే పని నాకు అప్పగించారు, ఇంగ్లీషు వచ్చినవాడినని. కంపెనీ నష్టపరిహారం ఇవ్వాలని, టీచరమ్మకు విడిగా ఉత్తరం ఇవ్వాలని రాశాను. అక్కడితో ఆగాల్సింది. కానీ నేను ఆఫీసువాణ్ణి. కాగితం అన్నాక గళ్ళుండాలి. ఒక పెద్ద కాగితం మీద స్కేలుతో గీతలు గీసి, వరస సంఖ్య, పేరు, చిరునామా, కార్డు నంబరు, గడువు తేదీ, సంతకం అని రాసి, పరీక్షల అట్టకు బిగించి, తరువాతి ఆదివారం గడ్డి మీద చేతులు మార్పించాను.

"పాత నంబరా సాబ్, బ్యాంకోళ్ళు కొత్తగ ఇచ్చినదా?" అని అడిగాడు భాయ్.

"రెండూ రాయండి. సమగ్రంగా ఉంటుంది."

ఎవరూ అనుమానించలేదు. రైల్వేలో పనిచేసే ఒకాయన కార్డు తేవడం మరిచిపోయి, పాపం సైకిలు మీద ఇంటికి వెళ్ళి మరీ తెచ్చుకుని రాశాడు. తన వంతు వచ్చినప్పుడు టీచరమ్మ పెన్ను పట్టుకుని ఆగింది.

"ఇది గూడ రాయాల్నా బిడ్డా?"

"రాయాలండి. ఫోరంవాళ్ళు అడుగుతారు."

ఫోరంవాళ్ళు ఎన్నడూ అడగలేదు. ఆవిడ మాత్రం నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రంగా, విడివిడిగా రాసింది. నాంపల్లి స్టేషను ఎదుట ఒక జిరాక్స్ షాపులో అందరికీ తలా ఒక ప్రతి తీయించాను. షాపువాడు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "ఏం గీసినవ్ సార్ గీతలు, ప్రింటు లెక్కనే ఉంది" అన్నాడు. నాకు సంతోషమైంది. మా ఆఫీసులో ఎవరూ ఆ మాట అనలేదు.

ఆ తరువాత వాయిదాలు. నాంపల్లిలో వినియోగదారుల ఫోరం ఉన్న మేడ మీద పొడుగాటి వరండా ఉండేది. మధ్యాహ్నాలు అక్కడ బల్లల మీద కూర్చుంటే కాలం నడవడం మానేసి మాతో పాటు కూర్చున్నట్టుండేది. ఫ్యాను తిరిగేది, గాలి వచ్చేది కాదు. పావురాలు కిటికీ మీద నిలబడి అచ్చం వకీళ్ళలాగే అటూ ఇటూ మెడలు తిప్పేవి. పేరు పిలిచేవాడు ఎవరి పేరు పిలిచినా అది నా పేరులాగే వినబడేది. టీచరమ్మ సంచీలో మరమరాలు తెచ్చేది. ఇద్దరం మాట్లాడకుండా తినేవాళ్ళం.

"సముద్రం ఎట్లుంటది బిడ్డా?" అని అడిగిందొక రోజు. "మీరు కోస్తా దిక్కోళ్ళు గద."

"మా ఊరు సముద్రానికి దూరమేనండి. బాపట్లలో ఒకసారి చూశాను. ఉప్పగా ఉంది."

"నేను సూడనే లేదు. పిల్లలకు మాత్రం బైబిల్ల కథ ముప్ఫై ఏండ్లు చెప్పిన, సముద్రం ఇట్ల రెండుగ చీలిందని." అరచేతులు రెండూ కలిపి విడదీసి చూపించింది.

ఆ మధ్యాహ్నం బల్ల మీదే నాకు కునుకు పట్టింది. ఆవిడ తెల్లచీరలో, చెప్పులు చేత పట్టుకుని, అదే నల్లగొడుగుతో ఇసుక మీద నడుస్తోంది. వెనక కెరటాల బదులు నీలం కార్బన్ కాగితాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. ఆవిడ చాలా సంతోషంగా ఉంది. కళ్ళు తెరిచేసరికి పక్కన మరమరాలు నములుతోంది. నాకు సిగ్గేసింది. వెళ్ళలేదని రుజువు చేయడానికి వచ్చిన మనిషిని నేనే పంపించి వచ్చాను.

అసలు విచారణ రోజున కంపెనీ వకీలు సంచిలోంచి ఒక కాగితం తీశాడు. నాలుగు మూలలా టేపు ముక్కలు వేలాడుతున్నాయి. ఆ గీతలు నాకు దూరం నుంచే తెలిశాయి.

"ఇది ఫిర్యాదీల జాబితా సార్," అన్నాడు. "స్టేషను ఎదుట జిరాక్స్ షాపు అద్దానికి అంటించి ఉంటే మా గుమాస్తా చూసి తెచ్చాడు. పైన 'క్లియర్ కాపీ' అని రాసి ఉంది, శాంపిల్‌గా పెట్టుకున్నారు. పంతొమ్మిది మంది కార్డు నంబర్లు, పాతవీ కొత్తవీ, సంతకాలతో సహా."

ఫోరం అధ్యక్షుడు కళ్ళజోడు పైకి తోసి కాగితం చాలాసేపు చూశాడు.

"ఈ గళ్ళు ఎవరు గీశారు?"

లేచి నిలబడ్డాను.

"చక్కగా గీశారు," అని కాగితం పక్కన పెట్టాడు. బయటికి వెళ్ళి రెండు పక్షాలూ మాట్లాడుకుని రమ్మన్నాడు.

మళ్ళీ అదే వరండా. వకీలు కంపెనీ మాట చెప్పాడు. ఒక్కొక్కరికి వోచరు ఇస్తారు. అదే దుకాణంలో వాడుకోవాలి, దానికి రెండు డబుల్ దుప్పట్లు వస్తాయి. తప్పు జరిగిందని కంపెనీ ఒప్పుకోదు. ఉత్తరాలేమీ ఉండవు. పంతొమ్మిది మందీ ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి, ఇకమీదట ఎవరూ ఏమీ అడగకూడదు. ఒక్కరు పెట్టకపోయినా ఎవరికీ వోచరు లేదు.

టీచరమ్మ వకీలు ఎదుటికి వెళ్ళింది.

"నా కాగితం సంగతేంది సారూ?"

"గోవా ఎవరు వెళ్ళారో కంపెనీకి ఎలా తెలుస్తుందమ్మా? మీ నంబరు స్టేషనుకొచ్చిన ప్రతివాడూ చదివాడు."

"గోవా ముంగట అయింది. ఆ అద్దం మీద అంటించింది ఎన్కకు గద."

"కావచ్చు. అది విచారణలో తేలాలి. ఏళ్ళు పడుతుంది."

పద్దెనిమిది సంతకాలు పది నిమిషాల్లో అయిపోయాయి. అందులో నాదీ ఉంది. టీచరమ్మ వెళ్ళి బల్ల చివర కూర్చుంది, సంచి ఒళ్ళో పెట్టుకుని. భాయ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"మీరు జర పోయి చెప్పున్రి సాబ్. సదువుకున్నోళ్ళు. ఆమెకు మీ మీద భరోసా ఉంది."

కాగితం, పెన్ను తీసుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఫోరంవాళ్ళు అడుగుతారని అన్న ఆ అబద్ధం గురించి చెబుదామనుకున్నాను. కానీ నోట్లోంచి వచ్చింది వేరే.

"టీచరమ్మా, మీ కమిటీవాళ్ళకు నేను రాసిస్తానండి. జరిగిందంతా. నా పేరుతో, సంతకంతో."

"నువ్వు ఎవరివని రాస్తవ్?"

ఆలోచించాను. బీమా ఆఫీసు గుమాస్తా, ఎం.ఏ. అంతకంటే ఏమీ తోచలేదు.

ఆవిడ వరండా అటు చివరికి చూసింది. మిగతా పదిహేడు మందీ చూడనట్టు నిలబడి ఉన్నారు. రైల్వే ఆయన గోడ మీద పాత నోటీసు చదువుతున్నాడు. భాయ్ ఎవరిదో గడియారం చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. కింద స్టేషన్లో మళ్ళీ ఆ ఆడగొంతు ఏదో రైలు గురించి చెప్పింది. అది పూర్తయ్యేదాకా టీచరమ్మ ఆగింది. తరువాత నా చేతిలో కాగితం తీసుకుని, సంచి మీద పరుచుకుని, పంతొమ్మిదో గడిలో గుండ్రంగా సంతకం చేసింది. పెన్నుకు మూత పెట్టి నా చేతికిచ్చింది.

"తీస్కపో. మీకందరికి దుప్పట్లొచ్చినయ్. నేనైతే గోవా పోయొచ్చినట్టే ఇగ."