కొత్త కోచ్ వచ్చిన ఏడాది నర్సమ్మ గారు

మొన్న మధ్యాహ్నం మా స్కూలు స్టాఫ్‌రూములో ఎవరో బత్తాయి వలిచారు. తొక్క చీలినప్పుడు చిమ్మే ఆ ఘాటైన వాసన ముక్కుకు తగిలేసరికి చేతిలో పని ఆగిపోయింది. మరో మూల మా పీఈటీ మాస్టారు, ఇద్దరు కుర్ర టీచర్లు ఏదో విదేశీ ఫుట్‌బాల్ క్లబ్బు గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. కొత్త మేనేజరుకు అసలు ఆటే తెలియదని ఒకరు, వాడు కొనుక్కొచ్చిన ఆటగాళ్ళు బెంచీకి తప్ప ఎందుకూ పనికిరారని మరొకరు. ఆ ఊరు వీళ్ళెవరూ చూడలేదు. ఆ మేనేజరు వీళ్ళకు ఎదురుపడేదీ లేదు. అయినా ఇంటికొచ్చిన కొత్త కోడలిని ఆడిపోసుకున్నట్టు ఆడిపోసుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే దిగులూ వేసింది. ఇలాంటి మాటలు నేను ఎన్నో ఆదివారాలు సిమెంటు మెట్ల మీద కూర్చుని విన్నాను. హాఫ్ టైములో బత్తాయి వలిచి, చుట్టూ ఉన్నవాళ్ళకు తలో తొన పెట్టే మనిషి పక్కన కూర్చుని విన్నాను. ఆవిడ పేరు థెరిసమ్మ. నర్సుగా చేసి రిటైరయ్యారు కాబట్టి మా వీధి మొత్తానికీ నర్సమ్మ గారు. నాకు మాత్రం ఆంటీ.

పెళ్ళయిన కొత్తలో కూచిపూడి దగ్గర మా ఊరి నుంచి బెజవాడ వచ్చాను. మా ఆయనది రైలు గార్డు ఉద్యోగం. డ్యూటీకి వెళితే తిరిగి ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు. రెండు గదుల వాటాలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఊళ్ళో అయితే గుమ్మం దిగితే నలుగురు పలకరించేవాళ్ళు, ఇక్కడ పాలబ్బాయితో తప్ప మాట్లాడే పని ఉండేది కాదు. ఒక ఆదివారం సాయంత్రం మెట్టు మీద కూర్చుని ఉంటే పక్కింట్లోంచి ఆంటీ గొడుగు, సంచీ పట్టుకుని బయటికొచ్చారు. తెల్లటి నూలు చీర, బిగించి కట్టిన ముడి.

“ఏమ్మాయ్, ఒక్కదానివే కూర్చుని ఏం చేస్తున్నావు?”

“ఏం లేదండీ. ఊరికే.”

“ఆ ఊరికే కూర్చునేదేదో గ్రౌండులో కూర్చుందువు గాని, రా. చెప్పులేసుకో.”

ఏ గ్రౌండో, ఎందుకో అడగకుండానే వెళ్ళాను. ఏటిగట్టు పక్కన పచ్చిక సగం, మట్టి సగం ఉన్న ఫుట్‌బాల్ మైదానం అది. ఒక పక్క సిమెంటు మెట్లు. అక్కడ ఆడే క్లబ్బును అందరూ ఏటిగట్టు టీము అనేవాళ్ళు. చుట్టుపక్కల జిల్లాల లీగులో పై డివిజనులో ఆడేది. ఆంటీని ఆ మెట్ల మీదికి మొదట తీసుకొచ్చింది ఆవిడ భర్తట. ఆయన పోయాక మానెయ్యమని ఇంట్లోవాళ్ళు చెప్పారట, ఆవిడ వినలేదు. ఆ రోజు నేను బంతి వెంట కళ్ళు తిప్పి తిప్పి మెడ నొప్పెట్టించుకున్నాను. ఆంటీ నవ్వి, “బంతిని అందరూ చూస్తారమ్మా. బంతి లేనివాడు ఏం చేస్తున్నాడో చూడు, అప్పుడు ఆట తెలుస్తుంది” అన్నారు. నెల తిరిగేసరికి నాకు ఆట పట్టుబడింది. ఆ మెట్ల మీదివాళ్ళు నా పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. బెజవాడ నాది అనిపించింది ముందు ఆ గ్రౌండులోనే, మా ఇంట్లో కాదు.

ఆంటీకి నోరు పెద్దది. ఎవరు తప్పు పాసు ఇచ్చినా మొదటి కేక ఆవిడదే. కానీ ఒక పద్ధతి ఉండేది. ఆట అయ్యాక ఆటగాళ్ళు కాళ్ళు కడుక్కునే కుళాయి దగ్గరికి వెళ్ళి, మెట్ల మీద ఏం అరిచారో అదే మాట ఆ అబ్బాయి మొహం మీద మళ్ళీ చెప్పేవారు. ఈసారి మెల్లగా. “ఎదురుగా అనలేని మాట ఇక్కడ కూర్చుని మాత్రం ఎందుకు అనాలి?” అనేవారు. వాళ్ళలో ఆవిడ దగ్గర ఎక్కువ చీవాట్లు తిన్నవాడు జోజి. జోజి ఆవిడ తమ్ముడి కొడుకు. చిన్నప్పుడే తల్లి పోతే ఆంటీయే పెంచారు. మధ్యలో ఉండి ఆట మొత్తం నడిపేవాడు, చాలా ఏళ్ళుగా కెప్టెను. ఆవిడ ఇంట్లో ఏసుప్రభువు పటం కింద జోజి ఫొటో ఉండేది, జెర్సీలో.

ఆ మరుసటి ఏడాది పాత కోచ్ గారు ఆరోగ్యం బాగాలేక తప్పుకున్నారు. ఆయన చోట బిజు సార్ అని కేరళ నుంచి ఒకాయన వచ్చారు. పొట్టిగా, గడ్డంతో, ఎప్పుడూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఉండే మనిషి. వచ్చిన వారంలోనే సగం టీమును మార్చేశారు. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాళ్ళను కొందర్ని పంపేసి, బయటి ఊళ్ళవాళ్ళను తెచ్చారు. మెట్ల మీద ఒకటే గొడవ. మన టీములో మనవాళ్ళే లేకపోతే మనం ఎందుకు రావాలని కొందరు, వీడు ఆర్నెల్లు కూడా ఉండడని కొందరు. ఆంటీ మాత్రం ఆటలు మొదలు కానివ్వండి, చూద్దాం అనేవారు.

ఒక రోజు పొద్దున ఆవిడ వాకిట్లో కూర్చుని ఇద్దరం చింతచిగురు ఏరుతున్నాం. జోజి ఫోను చూసుకుంటూ బయటికొచ్చాడు.

“అత్తా, నన్ను రావద్దన్నారు.”

“ఎవరు?”

“కొత్త కోచ్. రేపటి నుంచి నేను రానక్కర్లేదట. మెసేజ్ పెట్టాడు.”

ఆంటీ చేట పక్కన పెట్టి, లేచి చేతులు కడుక్కుని, నాతో “పద” అన్నారు. గ్రౌండులో బిజు సార్ ఎండలో ఒంగుని ముగ్గుతో గీతలు వేయిస్తున్నారు. ఆంటీ ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు.

“జోజి మా అబ్బాయి. వాణ్ణి తీసేశారట.”

“అమ్మా, నేను చెప్తాను...”

“తీసేసినందుకు నేను రాలేదు. వాడికి పరుగు తగ్గిందని పోయిన సీజను నుంచీ నేనే మొత్తుకుంటున్నాను, ఈ అమ్మాయిని అడగండి. వాడు అలిసిపోతే వెనక డిఫెన్సు బోసిపోతోంది. అది మీకూ కనిపించింది, మంచిదే. కానీ ఇన్నేళ్ళు ఈ మట్టిలో ఆడినవాడికి ఫోనులో చెబుతారా? ఆసుపత్రిలో మనిషి పోతే వాళ్ళవాళ్ళకు మేం కూర్చోబెట్టి చెప్పేవాళ్ళం. చెయ్యి పట్టుకుని చెప్పేవాళ్ళం. మాకూ భయమే. అయినా చెప్పేవాళ్ళం.”

బిజు సార్ గడ్డం రుద్దుకున్నారు. వచ్చీరాని తెలుగులో, “నాకు అతని మొహం చూసి చెప్పే ధైర్యం రాలేదమ్మా” అన్నారు. ఆ ఒక్క మాటకు ఆంటీ కోపం సగం దిగిపోవడం నాకు కనిపించింది. “సాయంత్రం ఇంటికి టీకి రండి” అని వెనక్కి తిరిగారు.

ఆయన వచ్చారు. ఆంటీ టీ ఇచ్చి, కుర్చీ లాక్కుని జోజి పక్కనే కూర్చున్నారు. బిజు సార్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, మధ్యలో తనకు ఇంకా ఎక్కువ పరిగెత్తేవాడు కావాలని, కెప్టెనుగా చేసినవాణ్ణి బెంచీ మీద కూర్చోమనడం తనకు ఇష్టం లేకపోయిందని చెప్పారు. జోజి నేల చూపులు చూస్తూ విన్నాడు. చివరికి, “నన్ను అడిగితే కూర్చునేవాణ్ణి కదా సార్” అన్నాడు. అప్పటికే అంతా అయిపోయింది, జోజి జాగాలోకి వేరే మనిషి వచ్చేశాడు. టీ చల్లారిపోయింది. ఆయన వెళ్ళాక జోజి చాలాసేపు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పది రోజుల తర్వాత గుంటూరు టీములో చేరాడు.

జోజి జాగాలోకి వచ్చిన కుర్రాడి పేరు నాగరాజు. మైలవరం దగ్గర పల్లె. ఒళ్ళు దాచుకోకుండా పరిగెత్తేవాడు, కానీ బంతి కాలికి తగలగానే కంగారు పడేవాడు. మొదటి ఆటల్లో వాడి పాసులు సగం అవతలివాళ్ళకే పోయాయి. “పొలం దున్నడానికి వచ్చావా?” అని మెట్ల మీంచి అరిచేవాళ్ళు. ఆంటీకీ వాడు నచ్చలేదు. ఈ అబ్బాయి నిలవడు, కోచ్ చూసి చూసి తప్పు మనిషిని తెచ్చుకున్నాడు అనేవారు. కుళాయి దగ్గరికి వెళ్ళి వాడికే చెప్పారు, “బంతి వచ్చేముందు మెడ తిప్పి వెనక చూసుకో నాయనా. నువ్వు చూడట్లేదు. ఇలాగైతే కష్టం.” ఆ అబ్బాయి తడి కాళ్ళతో అలాగే నిలబడి, “చూస్తానండీ” అన్నాడు.

గుంటూరు టీము మా గ్రౌండుకు వచ్చిన రోజు మెట్లు కిటకిటలాడాయి. ఆటకు ముందు జోజి కంచె దగ్గరికి వచ్చి, “అత్తా, ఇవాళ మావాళ్ళ పక్క కూర్చో” అన్నాడు. నవ్వుతూనే అడిగాడు గాని కళ్ళు నవ్వలేదు. “ఇంటికొస్తే నీకిష్టమైన చేపల పులుసు వండుతాను. ఇక్కడ మాత్రం నేను కూర్చునేది ఇక్కడే” అన్నారు ఆంటీ. వాడు తలూపి వెళ్ళిపోయాడు. రెండో సగంలో ఫ్రీ కిక్ దొరికింది వాళ్ళకు. జోజి కొట్టిన బంతి గోడలా నిలబడ్డ మా వాళ్ళ తలల మీదుగా వంపు తిరిగి గోలు మూలలో పడింది. మా మెట్లు మూగబోయాయి. ఆంటీ చప్పట్లు కొట్టలేదు. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయారు. అంతలో వెనకనుంచి ఎవడో “అమ్ముడుపోయిన వెధవ” అని జోజిని తిట్టాడు. ఆంటీ లేచి వెనక్కి తిరిగారు.

“వాణ్ణి పంపించింది మనం. పొమ్మని చెప్పి, పోతే తిడతారా? ఆ మాట కింద కుళాయి దగ్గర వాడి ఎదురుగా అనగలిగినవాడు లేచి నిలబడండి.”

ఎవరూ లేవలేదు. మేం ఆ గోలుతోనే ఓడిపోయాం.

ఆ వారంలోనే క్లబ్బు ప్రెసిడెంట్ గారు ఆంటీ ఇంటికి వచ్చారు. టీము పట్టికలో అడుగున ఉంది, కింది డివిజనుకు పడిపోతే ఇక లేవదు, కోచ్‌ను పంపేద్దామనుకుంటున్నాం, మెట్ల మీద మీ మాటకు విలువుంది, మీరూ సరేనంటే ఎవరూ గొడవ చెయ్యరు అని చెప్పారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నాను. ఆ కోచ్ మీద ఆవిడకున్నంత కోపం ఎవరికీ లేదు. ఊఁ అంటే చాలు.

“ఆయన చేసినవాటిలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయండీ. ఆయనకే చెప్పాను” అన్నారు ఆంటీ. “కానీ కొత్తవాళ్ళను తెచ్చుకుని నాలుగు నెలలు కాలేదు. వాళ్ళకు ఒకరి పేర్లు ఒకరికి ఇప్పుడిప్పుడే నోటికి వస్తున్నాయి. ఇప్పుడు ఆయన్ని పంపేస్తే మా జోజిని ఊరికే పోగొట్టుకున్నట్టవుతుంది. సీజను అయ్యేదాకా ఉండనివ్వండి.”

ప్రెసిడెంట్ గారు వెళ్ళాక నాతో, “తప్పు చెప్పానేమో అమ్మాయ్, టీము పడిపోతే నా వల్లే” అన్నారు. అంత ధైర్యంగా మాట్లాడిన మనిషికి అంత భయం ఉందని అప్పుడు తెలిసింది.

ఆఖరి ఆట వచ్చేసరికి మాకు డ్రా అయినా చాలు, పై డివిజనులో ఉండిపోతాం. గుంటూరు వాళ్ళ సీజను ముందే అయిపోవడంతో జోజి కూడా వచ్చి మా మెట్టు మీద కూర్చున్నాడు. ఆట మొత్తం మా వాళ్ళు ఊపిరాడకుండా కాచుకున్నారు. కాసేపట్లో అయిపోతుందనగా, అవతలి ఆటగాడు వెనకనుంచి దూసుకొస్తుంటే నాగరాజు మెడ తిప్పి చూశాడు. ఒక్క అడుగు పక్కకు వేసి, వాణ్ణి దాటనిచ్చి, తల ఎత్తి బంతిని చివరిదాకా పంపాడు. ఆ పాసుకు గోలు పడింది. మెట్లు లేచిపోయాయి. అంత గోలలోనూ ఆంటీ కూర్చునే, అందరికీ వినిపించేట్టు అన్నారు.

“నేను పొరబడ్డాను. ఈ అబ్బాయి నిలుస్తాడు. ఆ చోట ఇప్పుడు మా జోజి కంటే వీడే నయం.”

జోజి ఆవిడ పక్కనే ఉన్నాడు. వాడు గ్రౌండులోకే చూస్తూ, “నిజమే అత్తా” అన్నాడు. ఆవిడ వాడి వీపు మీద చెయ్యి వేసి ఆట అయ్యేదాకా తియ్యలేదు. గెలిచాం, పై డివిజనులోనే నిలిచాం. ఆంటీ కిందికి వెళ్ళి ముందు నాగరాజుకు చెప్పారు, నీ విషయంలో నా అంచనా తప్పని. ఆ తర్వాత కోచ్‌తో, “మనిషిని ఎంచుకోవడంలో మీరే కరెక్టు. పంపించిన తీరు మాత్రం ఇప్పటికీ తప్పే” అన్నారు. బిజు సార్ నవ్వి, రెండు చేతులూ జోడించారు. జోజి ఇంకో రెండేళ్ళు గుంటూరుకు ఆడాడు. తర్వాత బిజు సారే పిలిచి మా క్లబ్బులో పిల్లలకు ఆట నేర్పే పని అప్పజెప్పారు.

ఆంటీ పోయి నాలుగేళ్ళు దాటింది. శవపేటిక మోసినవాళ్ళలో జోజి, నాగరాజు ఉన్నారు. ఎప్పుడో వేరే ఊరు వెళ్ళిపోయిన బిజు సార్ కూడా బస్సెక్కి వచ్చారు. సమాధుల దొడ్డి బయట నాతో ఒకే మాట అన్నారు, “ఇప్పుడు ఎవరినైనా తీసెయ్యాలంటే వాళ్ళ ఇంటికి వెళ్తానండీ. టీ గొంతు దిగదు. అయినా వెళ్తాను.”

బెజవాడ వచ్చిన కొన్నేళ్ళకు నేను టీచరునయ్యాను, పోయిన ఏడాది హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ మీద ఈ స్కూలుకు వచ్చాను. ఇక్కడ నేనూ బయటిదాన్నే. పదో తరగతి లెక్కలు చాలా ఏళ్ళుగా ఒక పెద్ద మాస్టారు చెబుతున్నారు. ఊరంతా ఆయన శిష్యులే. కానీ చూపు మందగించి బోర్డు మీద అంకెలు తారుమారవుతున్నాయి, పిల్లలు నష్టపోతున్నారు. స్టాఫు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టేస్తే అయిపోతుంది మేడం అన్నారు ఆఫీసువాళ్ళు. నేను మంగళగిరి బస్సెక్కి ఆయన ఇంటికి వెళ్ళాను. గేటు తియ్యబోతూ రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. లోపల ఆయన ఎదురుగా కూర్చుని, పదో తరగతి ఇంకొకరికి ఇస్తున్నానని, ఎందుకిస్తున్నానో కూడా దాచకుండా చెప్పాను. చిన్న తరగతులు మీరే చూడాలని అడిగాను. ఆయన నన్ను మెచ్చుకోలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆయన భార్య ఇచ్చిన కాఫీ నాకూ గొంతు దిగలేదు. అయినా తాగి, ఆయన మళ్ళీ బయటికి వచ్చేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాను.