ఉడుత తల అడ్డంగా ఊపింది

మా స్కూల్లో ఒకటో తరగతికి టాబ్లెట్లు వచ్చింది దసరా పూజా సెలవుల తర్వాత. అంతకుముందు పదిహేడేళ్లు నేను నల్లబల్లతో, సుద్దముక్కతోనే చదువు చెప్పాను. అలాగని కొత్త వస్తువంటే భయపడే మనిషిని కాదు. ఫోన్లో పాటలు పెట్టి పిల్లలచేత గంతులేయించినదాన్నే. నాది పాతకాలపు టీచరు కోపమని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఈ బెంగాలీ మహానగరంలో, గార్డెన్ రీచ్ ఓడరేవు గోడకి ఇవతల సందులో ఉంటుంది మా స్కూలు. చిన్న ఇంగ్లీషు మీడియం. ఉర్దూ పిల్లలు, హిందీ పిల్లలు, బెంగాలీలు, నలుగురైదుగురు మనవాళ్లు. మా తాత పలాస దగ్గర్నుంచి వచ్చి ఈ రేవులోనే మూటలు మోశాడు. నేను ఇక్కడే పుట్టాను. తెలుగు పిల్ల ఎవరు చేరినా నా క్లాసుకే పంపుతారు.

ఆ ఏడు చేరిన పిల్లకి ఆరేళ్లు. వాళ్లమ్మ కార్పొరేషన్‌లో రోడ్లూడుస్తుంది. ఆ పిల్ల చదవడం చూసి తీరాలి. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అక్షరాల కింద వేలు జరుపుతూ, పక్క క్లాసుకి వినపడేలా చదివేది. ఎగ్‌ని 'యెగ్గు' అనేది, పెన్‌ని 'పెన్ను' అనేది. మనలో ఎవరనరు? నేనూ ఇంట్లో అలాగే అంటాను. యెగ్గు అని చదివి, కింద ఉన్న గుడ్డు బొమ్మ చూపించి, "ఇదే మిస్!" అనేది. ఇంతకన్నా చదువు రావడమంటే ఏమిటో నాకు తెలియదు.

టాబ్లెట్లతో పాటు సెక్టార్ ఫైవ్‌లోని ఆ కంపెనీ ఆఫీసు నుంచి ఒకతను వచ్చి, ఒక పూట కూర్చోబెట్టి మాకు నేర్పాడు. తెర మీద వాక్యం వస్తుంది. పిల్లలు పైకి చదవాలి. సరిగ్గా చదివితే మూలన కూర్చున్న ఉడుత చప్పట్లు కొట్టి నక్షత్రం ఇస్తుంది. తప్పయితే తల అడ్డంగా ఊపుతుంది. ఎలా పలకాలో తెలియకపోతే చెవి బొమ్మ నొక్కాలి. అప్పుడు టాబ్లెట్టే చదివి వినిపిస్తుంది, ఏ దేశపుదో తెలియని ఒక ఆడగొంతుతో.

"ఇక మీకు పెద్దగా పనుండదు మేడం," అన్నాడతను నవ్వుతూ. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

మొదటి రోజే ఆ పిల్లకి కోడి, గుడ్డు వాక్యం వచ్చింది. గట్టిగా చదివింది. ఉడుత తల అడ్డంగా ఊపింది. మళ్లీ చదివింది, ఇంకా గట్టిగా. మళ్లీ ఊపింది. ఆరోసారికి క్లాసంతా తిరిగి చూస్తోంది. పదోసారికి పిల్ల గొంతు జీరపోయింది. పదకొండోసారి ఇక చదవలేదు. టాబ్లెట్‌ని బల్ల మీద బోర్లా పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది.

ఆ పిల్ల ఒక్కతే కాదు. 'జూ' అనమంటే 'ఝు' అనే బెంగాలీ పిల్లలూ, 'స్కూల్'ని 'ఇస్కూల్' అనే హిందీ పిల్లలూ అందరూ దాని దగ్గర తప్పే. కానీ వాళ్లు పట్టించుకోలేదు, ఉడుతని చూసి నవ్వి తర్వాతి బొమ్మ నొక్కేవారు. ఈ పిల్ల మాత్రం పట్టించుకుంది. చదువు తనకి వచ్చని నమ్మిన పిల్ల కదా, తప్పనడం దానికి గట్టిగా తగిలింది.

రెండు వారాలకి రిపోర్టు వచ్చింది. టాబ్లెట్ల పని చూడడానికని కొత్తగా చేరిన కోఆర్డినేటర్ దాన్ని నా చేతిలో పెట్టింది. పేర్లన్నిటికీ రంగులు: పచ్చ, పసుపు, ఎరుపు. ఆ పిల్ల పేరు ఎరుపులో అందరికన్నా కింద.

"రంగుని బట్టి కూర్చోబెట్టండి," అంది ఆవిడ. "ఎరుపు వాళ్లు వెనక బెంచీల్లో ఉంటే వేరుగా చూసుకోవచ్చు."

కూర్చోబెట్టాను. ఎవరో చేశారని చెప్పుకోవడానికి లేదు. నా చేత్తోనే ఆ పిల్ల సంచీ తీసి చివరి బెంచీ మీద పెట్టాను. పిల్ల సంచీ వెనకాలే నడిచి వెళ్లి కూర్చుంది.

తర్వాత వాళ్లమ్మని పిలిపించారు. డ్యూటీ దిగి, ఒంటిమీది కార్పొరేషన్ కోటు విప్పకుండానే వచ్చింది. కోఆర్డినేటర్ తెర తిప్పి ఎరుపు గీతలు చూపించింది. పిల్లని మళ్లీ కేజీలో వేస్తే మంచిదంది. బెంగాలీలోనే అంది, ఆ తల్లికి బెంగాలీ బాగానే వచ్చు. అయినా నావైపు తిరిగి తెలుగులో అడిగింది, టీచరమ్మని ఇక్కడందరూ పిలిచే 'దిదిమణి' మాటతోనే.

"ఇదేటి దిదిమణీ? మా పిల్ల ఇంటికాడ సబ్బు అట్టలు కూడా ఒగ్గదు, అన్నీ సదువుతాది. దానికి సదువు రాదని ఎవులన్నారు? ఈ పలకేనా?"

నేను తెర మీది ఎర్ర గీతల వైపు చూశాను.

"మీరు రోజూ ఇంటన్నారు కదా. మీరు సెప్పండి. దానికి సదువొచ్చా, రాదా?"

వచ్చు అనడానికి ఒక్క మాట చాలు. పక్కన కోఆర్డినేటర్ ఉంది, ఎదురుగా ప్రిన్సిపల్ గది తలుపు తెరిచి ఉంది. "చూద్దాం అమ్మా," అన్నాను. ఆ 'చూద్దాం' తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, కోటు జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

పై వారం చివరి బెంచీ పచ్చగా మారింది. ఒకరిద్దరు కాదు, బెంచీ మొత్తం. ఆ పిల్లకైతే రోజుకి ఇరవై నక్షత్రాలు. నాకు అర్థం కాలేదు. నోటుబుక్కులు దిద్దుతున్నట్టు నటిస్తూ కనిపెట్టాను. ఇద్దరు పిల్లలు రెండు టాబ్లెట్లని ఎదురెదురుగా ఆనించి పట్టుకున్నారు. ఒకదాని మీద చెవి బొమ్మ నొక్కితే ఆ ఆడగొంతు వాక్యం చదువుతోంది. రెండోది వింటోంది. ఉడుత చప్పట్లు కొడుతోంది. పిల్లలు నోరు కూడా విప్పడం లేదు.

దగ్గరికెళ్లి ఆ పిల్లని అడిగాను. "ఏటే ఇది? ఎవరు నేర్పారు?"

"నేనే మిస్," అంది. భయం లేదు, గొప్ప కూడా లేదు. "మన మాట దానికి తెలీదు. దాని మాటే దానికి తెలుస్తాది."

నేను ఆపలేదు. నెలాఖరుకి క్లాసంతా పచ్చ. నా క్లాసు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఇద్దరిద్దరు పిల్లలు టాబ్లెట్లు ఆనించి కూర్చుంటే యంత్రం యంత్రానికి పాఠం అప్పజెప్పేది. ప్రిన్సిపల్ వచ్చి అభినందించారు. వెనకబడి ముందుకొచ్చిన విద్యార్థిని అని ఆ పిల్ల ఫోటో తీసి గేటు దగ్గర పెడతామన్నారు.

ఇక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. స్టాఫ్ రూములో, అందరి ముందు, జరుగుతున్నదంతా చెప్పేశాను.

కోఆర్డినేటర్ మొహం మాడ్చుకుంది. "అంటే మీ కళ్లెదుటే మోసం జరుగుతుంటే ఊరుకున్నారా? ఆరేళ్ల పిల్లలకి మోసం నేర్పారా?"

"మోసమా?" అన్నాను. నా గొంతు వరండా దాకా వెళ్లిందట. "వచ్చిన చదువుని రాదన్నది మోసం కాదా? ఆ ఎర్ర రంగు చూసి తల్లిని పిలిచి తలదించుకునేలా చేశామే, అది మోసం కాదా? పిల్లలు బతకడానికి దారి వెతుక్కున్నారు. మనకి ఆ పాటి తెలివి కూడా లేకపోయింది!"

వెళ్లి ఆ పిల్లని తీసుకొచ్చాను. పాత కథల పుస్తకం చేతికిచ్చి చదవమన్నాను. అందరి నోళ్లూ మూయిస్తుందని నా ధీమా.

చదివింది. ఒక్క తప్పు లేదు. కానీ ఆ గొంతు నా పక్కనున్న టీచరుకే సరిగా వినపడలేదు. ఒక్కో మాట చదివి, ఆగి, తలెత్తి నా మొహంలోకి చూస్తోంది. నేను తలూపితేనే తర్వాతి మాట. మాటమాటకీ అంతే. ఉడుత కోసం చూసినట్టే నాకోసం చూస్తోంది. నాలుగో వాక్యం దగ్గర ఇక భరించలేక పుస్తకం తీసేసుకున్నాను.

"చూశారా, తడబడుతోంది," అంది కోఆర్డినేటర్.

అప్పుడు నేనేమన్నానో ఇక్కడ రాయను. రెండు రోజుల తర్వాత నాకు మెమో వచ్చింది. టాబ్లెట్లకి ఇయర్‌ఫోన్లు వచ్చాయి, ఆనించడానికి వీల్లేకుండా. పిల్లని కేజీలో వేసే మాట మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కంప్యూటర్లో పేరు పచ్చగా ఉంది కదా, దాన్ని ఎవరు చెరుపుతారు?

బెంచీలు మళ్లీ కలిపేశాను, ఎవర్నీ అడగలేదు. పొద్దున్న మొదటి పీరియడ్ టాబ్లెట్ల బీరువాకి తాళం వేసి, పిల్లలందరిచేత పుస్తకం పైకి చదివిస్తున్నాను. యెగ్గు అన్నా, ఝు అన్నా, ఇస్కూల్ అన్నా సరే. ఆ పిల్ల తలెత్తి నన్ను చూడకుండా పేజీ మొత్తం చదివేసరికి ఎండాకాలం వచ్చింది. గొంతు మాత్రం మునుపంత పెద్దది కాలేదు. ఇప్పుడు రెండో తరగతిలో ఉంది.

మెమో వచ్చిన వారమే, ఆదివారం పొద్దున వాళ్ల క్వార్టర్లకి వెళ్లాను. వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని పిల్లకి తల దువ్వుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"మీ పిల్లకి చదువు బాగా వచ్చమ్మా," అన్నాను. "ఆ రోజే చెప్పాల్సింది."

దువ్వెన ఆగలేదు. చిక్కు దగ్గర నెమ్మదిగా లాగి, అటే చూస్తూ అంది:

"అవును దిదిమణీ. ఆ రోజు సెప్పుంటే బాగుండును."